గొటె బెసి

కోరాపుట్ పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే తీసే కుర్రాడు
నల్లటి రేకుని కిటికీ వెలుతురుకి పట్టి
పెన్ను మొనతో కింది నుంచి పైకి లెక్కపెట్టాడు.
మళ్లీ పై నుంచి కిందికి.
"గొటె బెసి" అన్నాడు ఒడియాలో.
ఒకటి ఎక్కువ.
నడుములో అందరికీ అయిదే పూసలట,
నాకు ఆరు.

ఇరవై రెండేళ్లుగా నా పనీ అదే.
జయపురం నుంచి సాలూరు దాకా
తలలు లెక్కపెట్టడం, టికెట్లతో సరిచూడడం,
ఒకటి తేడా వస్తే
ముందు సీటు నుంచి మళ్లీ మొదలెట్టడం.
అమ్మ కడుపులో ఎక్కి
ఏ చెకింగుకీ దొరక్కుండా
నాతోపాటే తిరుగుతున్నవాడు ఒకడున్నాడని
నలభై మూడో ఏట తెలిసింది.

డాక్టరు పాణిగ్రాహి గారు మంచివారే.
"చాలామందికి ఉంటుంది, కొందరికే నొప్పి" అన్నారు.
ఆ కొందరిలో నన్నెందుకు వేశారో
చీటీలో రాయలేదు.
బెల్టు రాశారు. బరువులెత్తొద్దని రాశారు.
ఎక్కువసేపు నిలబడొద్దు, ఎక్కువసేపు కూర్చోవద్దు.
మరి ఆ రెంటికీ మధ్య ఏముంది సార్ అని అడగబోయి
నా వెనక లైను చూసి లేచాను.

శుక్రవారం కుందులి సంత.
అల్లం బస్తాలు టాపు మీదికెక్కాలి.
ఒకప్పుడు నిచ్చెన మీద
నేనూ బస్తా ఒకే ఊపులో వెళ్లేవాళ్లం.
ఇప్పుడు కింద నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటాను.
క్లీనరు దొంబురు పైనుంచి ఓ చూపు చూస్తాడు.
బెల్టు చొక్కా లోపల,
నొప్పి బెల్టు లోపల,
వాడికేం కనిపిస్తుంది?
"వెన్నెముక లేని మనిషివయ్యా" అన్నాడు ఓనరు
బస్టాండులో పదిమందిలో.
ఒకటి ఎక్కువే ఉంది బాబూ, అందామనుకున్నాను.
ఆరుండీ అనలేకపోయాను.

పొట్టంగి దాటాక ఘాటీ.
మలుపులు నేనిప్పుడు కళ్లతో చూడనక్కర్లేదు.
ఎడమ మలుపుకి కుడి తొడలోకి తీగ లాగినట్టు,
కుడి మలుపుకి పిర్ర కింద నిప్పుకణిక,
సుంకి దగ్గర స్పీడు బ్రేకరుకి
పళ్ల మధ్య నాలుక.
డ్రైవరు కూర్మారావు అద్దంలోంచి చూసి
ఆ ఒక్కచోట బండిని
పచ్చి బాలింతని మంచం దింపినట్టు దింపుతాడు.
దాని గురించి మా ఇద్దరి మధ్య
ఇంతవరకూ ఒక్క మాట లేదు.

ఓ సంతరోజు,
రాడ్డు పట్టుకుని ఒంటికాలి మీద నేనుంటే
పరజ ముసలమ్మ ఒకామె
పక్క సీట్లోని బుట్ట తీసి ఒళ్లో పెట్టుకుంది.
"బస" అంది. కూర్చో అని.
కండక్టరుకి ప్యాసింజరు సీటివ్వడం
మా రూట్లో అదే మొదలు.
రెండు మలుపులు కూర్చున్నాను.
మూడోదానికి లేచి నిలబడ్డాను.
ఆమె నవ్వింది, బుట్ట మాత్రం మళ్లీ కింద పెట్టలేదు.
సాలూరు దాకా ఆ సీటు అలా ఖాళీగానే వచ్చింది,
ఎవరైనా వస్తే చెయ్యి అడ్డం పెట్టి.

రాత్రి జయపురంలో ఆఖరి ట్రిప్పు ఆగాక
"అందరూ దిగారా?" అంటాడు కూర్మారావు.
వెనక సీటు దాకా చూస్తాను, అలవాటు.
"దిగారు" అని అబద్ధం చెప్పి
కుడి కాలు ముందు పెట్టి
మెల్లగా మేమిద్దరం దిగుతాం.

ఇంట్లో నూకరత్నం ఇప్పనూనె వేడిచేసి
బొటనవేలితో ఒక్కో పూసా వెతుకుతుంది.
"ఇంతకీ ఏదండీ, ఆ ఎక్కువది?"
నాకూ తెలీదు. తడిమితే అన్నీ నావే.
సగంలో లెక్క తప్పి, తనలో తను నవ్వుకుని,
మెడ దగ్గర నుంచి మళ్లీ మొదలెడుతుంది.
గోడ వైపు మొహం పెట్టి
తప్పాలనే కోరుకుంటాను నేను.

నిన్న రాత్రి ఏడొచ్చాయి.